యంత్రం అరుగుదల - మనిషి అరుగుదల

యంత్రాన్ని ఎప్పుడు మార్చాలి అన్న ప్రశ్న పైకి చూడడానికి కొట్టు గుమాస్తా లెక్కల పుస్తకానికి సంబంధించినదిగా కనిపిస్తుంది. ఇంత పెట్టి కొన్నాము, ఇన్నేళ్ళు వాడాము, మరమ్మత్తుల ఖర్చు పెరుగుతున్నది గనుక కొత్తది కొందాము - ఇంతకు మించి ఇందులో చర్చించవలసినది ఏమున్నదని ఎవరైనా అడగవచ్చు. కాని చరిత్రలో ఈ ప్రశ్న ఎన్నడూ ఇంత అమాయకంగా లేదు. మగ్గం మారిన ప్రతిసారీ నేతగాని బ్రతుకు మారింది. గనిలోకి కొత్త యంత్రం దిగినప్పుడల్లా పైన మస్టరులో పేర్లు తగ్గినవి. నేడు మన కళాశాలల్లో, కార్యాలయాల్లో, అచ్చుపని చేసే చిన్న చిన్న దుకాణాల్లో కంప్యూటరును గురించి ఇదే ప్రశ్న తలెత్తింది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు కంపెనీ విండోస్ 10 సాఫ్టువేరుకు మామూలు మద్దతును నిలిపివేసింది. దాని తరువాతదైన విండోస్ 11 కొన్నేళ్ళ కిందటి ప్రాసెసర్లను అంగీకరించదు. అంటే నిన్నటి దాకా చక్కగా పనిచేసిన యంత్రం ఒక తేదీతో పాతబడిపోయింది. అందులో ఏ భాగమూ విరగలేదు, ఏ తీగా తెగలేదు. మరి అరిగినదేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం కంప్యూటరు దుకాణంలో దొరకదు. పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల శ్రామికుల చరిత్రలో దొరుకుతుంది. 2016లో ఈ రెండు జిల్లాలూ అనేక జిల్లాలుగా విడిపోయినవి. కాని మగ్గం, మిల్లు, గని అనే మూడు బంధాలు వాటిని నేటికీ ఒకే చరిత్రగా కలిపి ఉంచుతున్నవి. ఆ మూడింటినీ పరిశీలించిన తరువాతనే కంప్యూటరు వద్దకు రావడం మంచిది.

అంతకు ముందు సిద్ధాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పుకోవాలి. కంప్యూటరుకు ఆద్యుడని పేరు పొందిన ఛార్లెస్ బాబేజి అనే ఆంగ్లేయుడు 1832లో యంత్రాల ఆర్థిక వ్యవస్థపై ఒక గ్రంథం ప్రచురించాడు. వల వస్త్రం నేసే యంత్రాన్ని గురించి అందులో ఒక ముచ్చట ఉన్నది. 1200 పౌన్లు పెట్టి కొన్న యంత్రం, మంచి స్థితిలో ఉండగానే, కొద్ది సంవత్సరాలకు 60 పౌన్లకు అమ్ముడుపోయిందట. అంతే కాదు, మెరుగుదలలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడడంతో కొన్ని యంత్రాలను, అవి ఇంకా తయారు కాకముందే, చేస్తున్నవారి చేతుల్లోనే వదిలేశారట. ఈ మాట రాసిన బాబేజికే అదే గతి పట్టడం చరిత్రలోని చమత్కారం. 1820లలో ప్రభుత్వ ధనంతో ఒక గణనయంత్రాన్ని మొదలుపెట్టాడు. అది పూర్తి కాకముందే అంతకంటె గొప్ప యంత్రం ఆయన ఊహలోకి వచ్చింది. పాతది ముగియలేదు, కొత్తది మొదలు కాలేదు. 17 వేల పౌన్లకు పైగా ఖర్చయిన తరువాత 1842లో ప్రభుత్వం చేతులు దులుపుకున్నది.

ఈ బాబేజి గ్రంథాన్ని మార్క్స్ శ్రద్ధగా చదివాడు. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో యంత్రం అరుగుదలను ఆయన విడదీసి చూపించాడు. చేతులు మారే నాణెం అరిగినట్లు, యంత్రం వాడకం వల్ల అరుగుతుంది. ఒరలో ఉండిపోయిన కత్తి తుప్పు పట్టినట్లు, వాడకపోవడం వల్ల కూడా అరుగుతుంది. ఈ రెండూ యంత్రం ఒంటికి సంబంధించినవి. ఇక మూడవది ఒంటికి తగలని అరుగుదల. అదే యంత్రం చవుకగా తయారవుతున్నప్పుడు గాని, దానికంటె మెరుగైనది పోటీకి వచ్చినప్పుడు గాని, పాత యంత్రం నిగనిగలాడుతున్నా దాని విలువ పడిపోతుంది. దీనిని మనం విలువ అరుగుదల అనుకుందాము. దీని భయం పట్టుకున్న యజమాని, విలువ పడిపోయే లోపలే యంత్రం నుండి రాబట్టవలసినదంతా రాబట్టుకోవాలని దానిని రాత్రింబవళ్ళు నడిపిస్తాడు. పనిదినం పొడవు కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి అని మార్క్స్ నిరూపించాడు. ఈ మూడు అరుగుదలలూ మన ప్రాంతంలో పుస్తకంలోని మాటలు కావు. వాటికి మూడు ఊళ్ళున్నవి.

మొదటి ఊరు సిరిసిల్ల. చేనేత కుటుంబాల ఊరు. బ్రతుకుతెరువు కోసం ఇక్కడి పద్మశాలీలు తరతరాలుగా బొంబాయికి, షోలాపురానికి, భీవండికి వలసపోయారు. 1982లో బొంబాయి బట్టల మిల్లుల్లో మహాసమ్మె మొదలైంది. ఆ తరువాత మిల్లులు కుంటుపడినకొద్దీ భీవండి వంటి చోట్ల మరమగ్గాలు పుట్టగొడుగుల్లా పెరిగినవి. 1985 నాటి కేంద్ర జౌళి విధానం మిల్లు, మరమగ్గం, చేనేత అనే వ్యత్యాసాన్ని సడలించి మూడింటినీ ఒకే బరిలోకి దింపింది. ఆ కాలంలోనే సిరిసిల్లలో చేతిమగ్గం స్థానాన్ని మరమగ్గం ఆక్రమించుకున్నది. దానిని అక్కడివారు సాంచె అంటారు. అక్కడికి చేరిన సాంచెల్లో కొత్తవి తక్కువ, ఇతర పట్టణాలలో వాడి వదిలినవి ఎక్కువ. భీవండికి పాతబడిన యంత్రం సిరిసిల్లకు కొత్తది అయింది. ఒకచోట విలువ అరిగిన యంత్రం, కూలి ఇంకా చవుకగా ఉన్న మరోచోటికి ప్రయాణం చేస్తుందన్నమాట. యంత్రాల చరిత్రలో ఈ వలసను మనవాళ్ళు తగినంతగా గుర్తించలేదు.

ఆ సాంచె వయస్సు ఎంత? మూలరూపంలో అది 19వ శతాబ్దపు లాంకషైరు మగ్గం. దానంతట అదే నాడెలో నూలు మార్చుకునే మగ్గాన్ని అమెరికాలో నార్త్రప్ 1890లలోనే తయారుచేశాడు. నాడెయే అక్కరలేని మగ్గాన్ని సుల్జర్ కంపెనీ 1950లలో బజారులో పెట్టింది. మామూలు సాంచె నిమిషానికి నూటయాభై చిల్లర పోగులు వేస్తే, నాడెలేని మగ్గాలు దానికి అనేకరెట్లు వేస్తవి. కాబట్టి ఇంజనీరు దృష్టిలో సిరిసిల్ల సాంచెను మార్చవలసిన సమయం ఏనాడో దాటిపోయింది. మరి ఎందుకు మారలేదు? నేతగాళ్ళు మూఢులై పాతదాన్ని కౌగిలించుకున్నారా?

కానే కాదు. సిరిసిల్లలో నూలు తెచ్చేది, బట్ట అమ్మేది యజమాని. సాంచెలు పెట్టి కూలికి నేసి ఇచ్చేది ఆసామి. ఆ సాంచెల మీద నిలబడి పనిచేసేది కార్మికుడు. కండెలు చుట్టేవారు, బీములు నింపేవారు, పోగులు అతికే వైపని కార్మికులు వేరు. లాభంలో పెద్ద భాగం నూలు, బజారు చేతిలో ఉన్నవాడికి పోతుంది. యంత్రం మార్చవలసిన భారం మాత్రం నాలుగో ఎనిమిదో సాంచెలున్న ఆసామి మీద పడుతుంది. 1999లో కేంద్రం జౌళి రంగానికి సాంకేతికాభివృద్ధి నిధి పథకం పెట్టింది. బ్యాంకు అప్పు దొరికినవాడికే దాని ఫలం. హామీ పెట్టగల మిల్లు యజమానికి అది అందినట్లు పాత సాంచెల ఆసామికి అందలేదు. తరువాత పాత సాంచెకే కొన్ని పరికరాలు తగిలించి, పోగు తెగితే దానంతట అదే ఆగేటట్లు చేసే పథకం కూడా 2010లలో వచ్చింది.

ఈ పరికరం విషయం కాస్త ఆగి ఆలోచించదగినది. మామూలు సాంచె పోగు తెగినా ఆగదు. ఎనిమిది పది సాంచెలు నడిపే పాలిస్టరు కార్మికుడు పన్నెండు గంటల షిఫ్టులో వాటి మధ్య తిరుగుతూ, కళ్ళు చికిలించి చూస్తూ, ఆ చప్పుడులో చెవులు పోగొట్టుకుంటూ ఉంటాడు. పోగు తెగితే తనంతట ఆగే యంత్రం వస్తే ఆ కళ్ళకు విశ్రాంతి దొరకవలసింది. కాని కూలి పికుల లెక్కన ఉన్నంతకాలం యజమాని అనేదేమిటి? "ఇప్పుడు చూడవలసిన పని తగ్గింది గదా, ఇంకో నాలుగు సాంచెలు చూడు" అంటాడు. విశ్రాంతి కావలసినది అదనపు భారమవుతుంది. యంత్రం ఒకటే, కూలి ఒప్పందాన్ని బట్టి అది వరమూ కావచ్చు, శాపమూ కావచ్చు. కాబట్టి సాంచె ఎప్పుడు మార్చాలి అన్న ప్రశ్న, కూలి రేటు ఎప్పుడు మార్చాలి అన్న ప్రశ్నతో ముడిపడి ఉన్నది. ఈ రెండింటినీ విడదీసి చూపించే పథకం ఏదైనా సగం పథకమే.

1990ల చివరినుండి బజారు పడిపోయి, అప్పులు పెరిగి, నేతకార్మికుల ఆత్మహత్యలతో సిరిసిల్లను ఉరిసిల్ల అని పిలుచుకోవలసిన దుర్దశ వచ్చింది. సాంచెలను తుక్కు కింద కిలోల లెక్కన అమ్ముకున్న సందర్భాలున్నవి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పథకం మొదలుపెట్టి పెద్ద ఎత్తున ఆర్డర్లు ఇచ్చింది. సుమారు కోటి చీరల పని. తొలి సంవత్సరం అంత పని సకాలంలో ఇక్కడ కాదని గణనీయమైన భాగం సూరత్ నుండి తెప్పించారు. ఆ చీరల నాణ్యతపై స్త్రీలు బహిరంగంగానే నిరసన తెలిపారు. ఆ తరువాతి ఏళ్ళలో అంచుల మీద పూలు, గీతలు రావాలని సాంచెలకు డాబీలు, జకార్డులు తగిలించారు. అంటే బజారు ఉన్నదన్న నమ్మకం కుదిరితే ఆసామి తనంతట తానే యంత్రాన్ని మెరుగుపరుచుకున్నాడు. ఎవరూ ఉపన్యాసం చెప్పవలసిన అవసరం రాలేదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన తరువాత ఆ ఆర్డరు కొనసాగలేదు. 2024లో సాంచెలు ఆగినవి, మళ్ళీ ఆత్మహత్యల వార్తలు వచ్చినవి. తరువాత స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే చీరల ఆర్డరుతో కొంత పని తిరిగి దొరికింది. ఒకే కొనుగోలుదారును నమ్ముకుని యంత్రం మార్చినవాడు ఆ కొనుగోలుదారు ముఖం తిప్పుకున్న రోజున పాత యంత్రం వాడికంటె ఎక్కువ అప్పులో ఉంటాడు. తొందరపడి మార్చడమూ, ఆలస్యంగా మార్చడమూ రెండూ ప్రమాదమే అయినప్పుడు తప్పు యంత్రంలో లేదని గ్రహించాలి.

రెండవ ఊరు కాగజ్‌నగర్. అసలు పేరు కొత్తపేట. నిజాం కాలంలో 1938లో సిర్పూరు కాగితం మిల్లు స్థాపన జరిగి, 1942లో ఉత్పత్తి మొదలైన తరువాత ఊరి పేరే కాగితం పేరుగా మారింది. ఆదిలాబాదు అడవుల వెదురు అక్కడ కాగితమైంది. మన తరాలవారు పరీక్షలు రాసిన కాగితాల్లో, కరపత్రాలు అచ్చు వేసిన కాగితాల్లో ఆ మిల్లు కాగితం ఎంతో ఉన్నది. అటువంటి మిల్లు 2014 సెప్టెంబరులో మూతపడింది. నష్టాలు, నిర్వహణ పెట్టుబడి కొరత అన్నారు. నాలుగేళ్ళ పాటు పొగగొట్టం చల్లారిపోయింది. దివాలా చట్టం కింద 2018లో జె.కె. పేపర్ సంస్థ దానిని తీసుకున్న తరువాతనే మళ్ళీ కదలిక వచ్చింది.

ఒరలోని కత్తి ఉపమానం ఇక్కడ అక్షరాలా నిజమైంది. నడవని యంత్రానికి విశ్రాంతి దొరకదు, తుప్పు దొరుకుతుంది. కాని యంత్రానికి పట్టిన తుప్పును తిరిగి నడిపించేటప్పుడు గీకివేయవచ్చు. నాలుగేళ్ళు జీతం లేక పిల్లల చదువు మానిపించిన ఇంటికి పట్టిన తుప్పును ఎవరు గీకుతారు? మిల్లును కొన్నవాడు యంత్రం అరుగుదలను ధరలో తగ్గించుకుని కొన్నాడు. కార్మికుడు తన అరుగుదలను ఎవరి ధరలో తగ్గించుకోవాలి? యంత్రాన్ని ఎప్పటికప్పుడు బాగుచేస్తూ, కొంచెం కొంచెంగా మారుస్తూ రావడానికి లాభాల కాలంలోనే సొమ్ము తీసి పక్కన పెట్టాలి. అది యజమాని విధి. ఆ విధిని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తే చివరికి ఒకేసారి అన్నీ మార్చవలసిన రోజు వస్తుంది. ఆ రోజు వచ్చిందంటే మిల్లు మూసే రోజు కూడా దగ్గరపడినట్లే. ఇది ఏ ఒక్క మిల్లుకో పరిమితమైన సూత్రం కాదు. కాగితానికైనా, కంప్యూటరుకైనా మరమ్మత్తు నిధి లేకుండా యంత్రం కొనడం అప్పు చేసి పండుగ చేసుకోవడం వంటిది.

మూడవ ఊరు ఒకటి కాదు: గోదావరిఖని, శ్రీరాంపురం, మందమర్రి, బెల్లంపల్లి. సింగరేణి గనుల వరుస. పాత గనుల్లో బొగ్గును పేల్చి, తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపడం కార్మికుని పని. నడుము విరిచే పని. దానిని యంత్రం చెయ్యాలని కోరుకోని కార్మికుడు లేడు. 1983లో గోదావరిఖని 7వ ఇంక్లయినులో లాంగ్‌వాల్ యంత్రం వచ్చింది. తరువాత బొగ్గు ఎత్తే చిన్న యంత్రాలు, ఓపెన్‌కాస్టు గనుల్లో భారీ షావెళ్ళు, డంపర్లు వచ్చినవి. 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ గని ప్రారంభమైంది. బొగ్గు ఉత్పత్తి పెరిగింది. కాని 1990 ప్రాంతంలో లక్ష దాటి ఉన్న కార్మికుల సంఖ్య నేడు నలభై వేల ప్రాంతానికి దిగింది. తండ్రి చేతి చెమ్మస్ పోయిందని ఎవరూ దుఃఖించలేదు. కొడుకు చేతికి ఏమి వచ్చిందన్నదే గని ఊళ్ళ ప్రశ్న. వారసత్వ ఉద్యోగాల కోసం సింగరేణిలో జరిగిన ఆందోళనలకు మూలం ఇక్కడున్నది.

ఇక్కడ మూడవ అరుగుదల మరో రూపంలో కనిపిస్తుంది. కొత్త యంత్రం పాత యంత్రం విలువనే కాక పాత నైపుణ్యం విలువను కూడా అరగదీస్తుంది. పైకప్పు చప్పుడు విని ప్రమాదం పసిగట్టే అనుభవం ఇరవై ఏళ్ళకు వస్తుంది. యంత్రం కొన్న పద్దులో ఆ ఇరవై ఏళ్ళ విలువను తగ్గుదల కింద రాసినవారెవరూ లేరు. కొత్త యంత్రం నడపడం అదే కార్మికునికి నేర్పి, మిగిలిన శ్రమను పనిగంటల తగ్గింపుగా మార్చి ఉంటే యంత్రం శ్రామికుని మిత్రమయ్యేది. మిగిలిన శ్రమను మనుషుల తగ్గింపుగా మార్చారు గనుక అది పోటీదారు అయింది.

ఈ మూడు ఊళ్ళ నుండి కంప్యూటరు దగ్గరకు రావడం పెద్ద దూరం కాదు. సిరిసిల్ల చీర అంచు మీద పూవు వేసే జకార్డు, 1804 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరంలో పుట్టింది. రంధ్రాలు పొడిచిన అట్టల వరుస ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో మగ్గానికి చెబుతుంది. మగ్గాన్ని మార్చకుండా అట్టలు మార్చితే బట్ట మీది బొమ్మ మారుతుంది. నేటి మాటల్లో మగ్గం హార్డువేరు, అట్టలు సాఫ్టువేరు. బాబేజి తన రెండవ యంత్రానికి ఈ అట్టలనే ఆధారం చేసుకున్నాడు. సుమారు 24 వేల అట్టలతో పట్టు మీద నేసిన జకార్డు బొమ్మ ఒకటి ఆయన వద్ద ఉండేది. ఆ లియాన్ పట్టు నేతగాళ్ళే 1831లోను, 1834లోను కూలి రేటు కోసం తిరగబడ్డారన్నది మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి. కంప్యూటరు పూర్వచరిత్రలో పట్టు, అట్ట, కూలి మూడూ ఉన్నవి.

అయితే నేటి కంప్యూటరులో ఒక కొత్త విషయం ఉన్నది. సాంచెను అమ్మిన వ్యాపారి, అమ్మిన పదేళ్ళకు వచ్చి "నేటినుండి నీ సాంచె పాతది" అని ప్రకటించలేడు. సాఫ్టువేరు కంపెనీ ప్రకటించగలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న గడువు ముగిసింది. ఈ తేదీలను నిర్ణయించినది యంత్రం వాడేవాడు కాదు. విలువ అరుగుదల ఇంతకుముందు పోటీ వల్ల దానంతట అది జరిగేది; ఇప్పుడు అది క్యాలెండరులో ముందే అచ్చవుతున్నది. గుత్త పెట్టుబడికి ఇంతకంటె స్పష్టమైన లక్షణం ఏముంటుంది?

అంతమాత్రాన పాతదాన్ని పట్టుకుని కూర్చోవడం అభ్యుదయం అనుకోరాదు. 2017 మే నెలలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడినవి. దానిని అడ్డుకునే సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, వెలువడి ఉన్నది. అందుకోనివారు, గడువు తీరిన సాఫ్టువేరు వాడుతున్నవారు చిక్కుకున్నారు. ఇంటర్నెట్టుకు తగిలించిన యంత్రానికి రక్షణ సవరణ అన్నది సాంచెకు నూనె వంటిది, విలాసం కాదు. కాబట్టి విద్యార్థుల మార్కులు, ఉద్యోగుల వివరాలు, రైతుల పట్టాలు దాచిన యంత్రం విషయంలో ఆలస్యం చెయ్యడం ఇతరుల సొత్తుతో జూదమాడడమే.

తెలుగు అక్షరం చరిత్ర దీనికి మరో ఉదాహరణ. 1991లోనే యూనికోడు మొదటి ప్రమాణంలో తెలుగుకు స్థానం దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో తెలుగు యూనికోడు, గౌతమి ఖతి సామాన్య వాడకందారు చేతికి వచ్చినవి. అది నిజమైన అభివృద్ధి. ఒక ఊరిలో రాసినది మరో ఊరిలో, ఏ కంపెనీ యంత్రంలోనైనా చదవగల వీలు. కాని మన పట్టణాల డీటీపీ దుకాణాలు పేజ్‌మేకరు, అను ఖతులు వదలలేదు. పేజ్‌మేకరుకు యూనికోడు తెలుగు రాదు. 2001 నాటి 7వ రూపం తరువాత దానికి మరో పెద్ద రూపమూ రాలేదు. అయినా పెళ్ళిపత్రిక నుండి పరిశోధన గ్రంథం దాకా దానిలోనే కూర్చారు. దానిని నడిపించడానికే పాత యంత్రాలను జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చారు. ఆపరేటరును తప్పుపట్టడం తేలిక. పేజీకి ఇంత అని కూలి తీసుకునే మనిషి, వేళ్ళకు అలవాటైన కీబోర్డును మార్చుకుంటే నెలల తరబడి వేగం పడిపోతుంది. ఆ నెలల కూలి నష్టాన్ని భరించేవారెవరు? సిరిసిల్ల ఆసామి ప్రశ్నే ఇది, మరో దుకాణంలో.

కాని ఇక్కడ నష్టపోయినది ఆపరేటరు ఒక్కడే కాదు. ఒక్కొక్క కంపెనీ ఖతికి ఒక్కొక్క సంకేతం గనుక, ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తవి. దాదాపు రెండు దశాబ్దాల మన చిన్న పత్రికలు, సంఘాల తీర్మానాలు, సిద్ధాంత వ్యాసాలు ఈ సంకేతాలలో చిక్కుకుని ఉన్నవి. అచ్చు ప్రతి చినిగి, కంప్యూటరు పాడైతే ఆ రచనకు వారసులుండరు. యంత్రం మార్చడంలో ఆలస్యమైతే చెడిపోయేది యంత్రమొక్కటే కాదు, ఒక ఉద్యమం జ్ఞాపకశక్తి కూడా. అను ఖతుల పాఠాన్ని యూనికోడులోకి మార్చే పరికరాలు నేడు ఉన్నవి. పాత యంత్రాలు ఇంకా తెరుచుకుంటున్నప్పుడే ఆ పని జరగాలి.

బడుల అనుభవం కూడా దీనికి తోడు నిలుస్తుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్లు పెట్టి, బోధనను ప్రైవేటు సంస్థలకు ఐదేళ్ళ ఒప్పందం మీద అప్పగించింది. 2013లో గడువు తీరింది. బోధకులు పోయారు, యంత్రాలు మిగిలినవి. నేర్పేవారు లేక, బాగుచేసేవారు లేక చాలాచోట్ల గదికి తాళం పడింది. కాగజ్‌నగర్ తుప్పు చిన్న రూపంలో ప్రతి మండలానికీ వచ్చిందన్నమాట. అదే కాలంలో కేరళ ప్రభుత్వం మరో దారి పట్టింది. ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, 2008 నాటికి పాఠశాలల కంప్యూటరు విద్యను పూర్తిగా స్వేచ్ఛా సాఫ్టువేరు మీదికి మళ్ళించింది. ఆ సాఫ్టువేరు మూలం అందరికీ తెరిచి ఉంటుంది; గడువు తేదీని ఒక్క కంపెనీ శాసించలేదు; పాత యంత్రం మీద కూడా తేలిక రూపాలు నడుస్తవి. మన వద్ద కూడా 'స్వేచ్ఛ' సంస్థ 2005లోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమును తెచ్చింది. సాధనం లేకపోలేదు, దానిని చేపట్టే విధానం లేకపోయింది. ప్రభుత్వం యంత్రాన్ని కొన్నది గాని, యంత్రాన్ని తెలిసిన మనిషిని నిలబెట్టుకోలేదు.

ఇంతకూ యంత్రం ఎప్పుడు మార్చాలి? చరిత్ర మనకు ఒక తేదీని ఇవ్వదు. నాలుగు ప్రశ్నలను ఇస్తుంది. ఒకటి, ఇప్పుడు జరిగినది ఏ అరుగుదల? వాడి అరిగిందా, వాడక తుప్పు పట్టిందా, లేక అమ్మేవాడు అరిగిందన్నాడా? మొదటిదానికి మరమ్మత్తు, రెండవదానికి మనిషి, మూడవదానికి ఆలోచన అవసరం. రెండు, మార్పు ఖర్చును ఎవరు భరిస్తారు, దాని వల్ల మిగిలిన శ్రమ ఎవరికి చేరుతుంది? ఈ రెండింటికీ వేరు వేరు పేర్లు వస్తే ఆ మార్పు దోపిడీకి కొత్త తొడుగు మాత్రమే. మూడు, తాళం చెవి ఎవరి చేతిలో ఉంటుంది? నూలు, విడిభాగాలు, సాఫ్టువేరు మూలం - ఇవి పరాధీనమైతే కొత్త యంత్రం కూడా కొన్నాళ్ళకు పాత బానిసత్వమే. నాలుగు, పాత యంత్రంతో పాటు ఏ నైపుణ్యం, ఏ రచన మరుగున పడుతుంది, దానిని ముందుగా దాటించామా?

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినవారు కొనుగోలు కమిటీలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు కారు. సిరిసిల్లలో సాంచెకు కొత్త పరికరం తగిలించే ముందు పికు రేటు, సాంచెల సంఖ్య కార్మిక సంఘంతో తేల్చుకోవాలి. కళాశాలలో కొత్త కంప్యూటర్లు కొనే ముందు ఉపాధ్యాయులు, విద్యార్థులు, ప్రయోగశాల సహాయకులు కూర్చుని ఏవి బాగుచేస్తే చాలు, ఏవి స్వేచ్ఛా సాఫ్టువేరుతో నడుస్తవి, ఏవి ఇతరుల వివరాలు దాచేవి గనుక వెంటనే మార్చాలి అని వేరుచెయ్యాలి. మన సంఘాలు తమ పాత సంచికలను, తీర్మానాలను యూనికోడులోకి మార్చుకోవడానికి ఒక నిధి, ఒక గడువు పెట్టుకోవాలి; ఆ పని చేసే ఆపరేటరుకు నేర్చుకునే నెలల కూలి కూడా ఆ నిధినుండే ఇవ్వాలి.

యంత్రాన్ని ద్వేషించినవారు చరిత్రను ఆపలేకపోయారు. యంత్రాన్ని ఆరాధించినవారు చరిత్రను యజమానులకు అప్పగించారు. యంత్రం మారే గడియను తామే నిర్ణయించుకునే హక్కు శ్రామికులకు, వాడేవారికి దక్కినప్పుడే, కొత్త యంత్రం వచ్చిన రోజు సాంచెల గల్లీలోను, బొగ్గుబావి మీదా, కళాశాల గదిలోను పండుగ దినమవుతుంది. పనిగంటల కోసం పోరాడి సాధించుకున్నట్లే ఆ హక్కును కూడా సాధించుకోవలసి ఉన్నది.